టక్కుమని ఊరుకున్న బండి

వాయవ్యపు గాలి లేచిన రోజున నోలా దుప్పట్లు ఉతికేది కాదు. ఆరేసిన దుప్పటి అరగంటలో ఎండే మాట నిజమే కాని, ఎండిన దుప్పటిని పక్క జిల్లాలో వెతుక్కోవాలి. ఒక ఏడు ఆ గాలికి ఆమె కోడిపుంజు రెక్క విప్పకుండానే సముద్రం దాకా పోయి, రెండో రోజుకు ఉప్పంటిన ఈకలతో నడిచి ఇల్లు చేరిందని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. నోలాను అడిగితే కాదనదు, ఔననదు. "గుడ్లు పెట్టే రకమైతే వెతకడానికి వెళ్ళేదాన్ని, పుంజే కదా అని ఊరుకున్నాను," అంటుంది.

ఆ గాలికి ఇంతకన్న పెద్ద దుర్గుణం ఒకటుంది. పడమటి కొండల మీద వానను కుండపోతగా కుమ్మరించి, కిందికి వచ్చేసరికి చేతులు దులుపుకుంటుంది. మైదానంలో ఎండ చురుక్కుమంటుంది, దుమ్ము రేగుతుంది, ఆకాశంలో మచ్చుకైనా మబ్బుండదు. ఆ ఎండలోనే ఏరు మట్టిరంగు తిరిగి మీదికొస్తుంది.

సెప్టెంబరు నెల, గొర్రెలు ఈనే కాలం. నోలా రొట్టెల పళ్ళెం పొయ్యిలో పెడుతుండగా ఫోను మోగింది. ఎగువన వంతెన పక్కన ఉండే బెరిల్.

"నోలా, వంతెన కాళ్ళకి మోకాళ్ళ దాకా వచ్చేసింది. నీ గొర్రెలెక్కడ?"

"ఎక్కడుంటాయి, లంకలో. పచ్చిక బాగుందని నిన్ననేగా తోలింది."

"పిల్లలతోనా?"

"పిల్లలతోనే."

"అయితే నాతో ఏం మాట్లాడుతున్నావే, ఫోను పెట్టెయ్."

ఇంటి కింద ఏరు రెండు పాయలుగా చీలి, నడుమ ఒక లంకను వదిలింది. ఇవతలి పాయలో మామూలు రోజున చీలమండ దాకా నీళ్ళు. పెద్ద ఏరు పొంగితే ముందు ఆ పాయ నిండుతుంది, తర్వాత లంక పోతుంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలన్నీ, వాటి తల్లులన్నీ ఆ లంక మీదే ఉన్నాయి. అవి పోతే నోలాకు మిగిలేది ఇల్లూ, కోడిపుంజూ.

డెబ్భై దాటిన మనిషి. కుడి మోకాలు ఆసుపత్రివాళ్ళు వేసిన కొత్తది, ఎడమది దేవుడిచ్చిన పాతది. "రెండిటికీ మాటల్లేవు," అంటుంది. భర్త గోర్డన్ పోయినప్పుడు, మందను అమ్మేసి పట్నంలో చిన్న ఇల్లు చూసుకోమని ఊరంతా చెప్పింది. నోలా అందరికీ తలూపి, వెళ్ళి నాలుగు చక్రాల క్వాడ్ బండి కొనుక్కొచ్చింది. గుర్రం ఎక్కలేని చోటికి దాన్ని ఎక్కించింది. ఆదివారం చర్చికీ దాని మీదే. వెనక సామాన్ల చట్రం మీద రెండు కుక్కలు కూర్చునేవి. టిప్ అనే నలుపుతెలుపు కుక్క నోరు విప్పదు, కళ్ళతోనే గొర్రెను నడిపిస్తుంది. రెండోది డ్యూక్, పెద్ద గొంతు. ఒక చలికాలం వాడు మొరిగితే ఎదుటి కొండ మీద మంచు జారి, అవతలి లోయవాళ్ళకు దారి మూసుకుపోయిందట.

డ్యూక్‌కు చిన్నప్పుడొక పాడలవాటు ఉండేది. బండెక్కాక, సరిగ్గా నోలా ఫలహారపు డబ్బా పక్కనే, కాలెత్తేవాడు. నోలా ఓపిక పట్టి నేర్పింది. "కానివ్వు" అనగానే వెనక ఎడమ చక్రం దగ్గర పని ముగించుకోవాలి, ఆ తర్వాతే ఎగిరి ఎక్కాలి. ముగిస్తే ఒక చీజు ముక్క. మరిది మెర్విన్ తన కుక్కకూ ఇదే విద్య నేర్పబోయి, చీజు అయిపోయాక మానుకున్నాడు. అందుకని నోలాకు డ్యూక్ విద్య అంటే కొంచెం గర్వం.

ఆ రోజు ఆమె రొట్టెల్ని పొయ్యిలోనే వదిలి కొట్టంలోకి పరిగెత్తింది. ఆ మోకాళ్ళతో పరుగెత్తడం చూసి కుక్కలే ఆశ్చర్యపోయాయి. బండెక్కి, బ్రేకు పట్టి, సెల్ఫ్ మీట నొక్కింది.

టక్.

మళ్ళీ నొక్కింది. టక్. ఇంజను ఒక్క చుట్టైనా తిరగలేదు.

ఇంజను ఆపే ఎర్ర స్విచ్ చూసింది. కుక్కలు దిగేటప్పుడు దాన్ని తన్నేయడం మామూలే. అది సరిగానే ఉంది. గేరు తటస్థంలో ఉన్నట్టు పచ్చ దీపం వెలుగుతోంది. ముందు లైటు వేసింది. కొట్టం గోడ మీద పిల్లి కళ్ళు మెరిసేటంత వెలుతురు. మీట నొక్కింది. టక్. లైటు ఇసుమంతైనా తగ్గలేదు.

అప్పుడే పికప్పు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. గోర్డన్ తమ్ముడు మెర్విన్. ఏటికి దిగువన అతని పొలం. బెరిల్ అతనికీ ఫోను చేసింది.

"ఏంటి వదినా, టక్కు టక్కుమని గడియారం బాగుచేస్తున్నావా?"

"సెల్ఫ్ ఎత్తుకోవడం లేదు. నీ క్వాడ్ బండేది?"

"మావాడు తీసుకుపోయాడు. మా గొర్రెలూ ఏట్లోనే కదా. నీది బ్యాటరీ పోయింది."

"నువ్వింకా పికప్పు దిగనేలేదు."

"దిగనక్కర్లేదు."

"పోయినేడు నా పన్నుపోటుకి కూడా బ్యాటరీ అనే అన్నావు."

మెర్విన్ నవ్వుతూనే జంపర్ వైర్లు తీశాడు. మాటలెక్కువైనా చేతులు చురుకైనవే. సీటు లేపి, తన పికప్పు బ్యాటరీ నుంచి ఎర్ర చిమటాని క్వాడ్ బ్యాటరీ మీది ఎర్ర మొలకి, నల్ల చిమటాని నల్ల మొలకి తగిలించాడు.

"కొట్టు వదినా."

టక్.

అతని నవ్వు కొంచెం తగ్గింది. మీట నొక్కితే మోటారుకు కరెంటు వదిలే రిలే దగ్గర రెండు పెద్ద వైర్ల మధ్య స్క్రూడ్రైవరు అడ్డం పెట్టాడు. రిలే తప్పయితే అప్పుడు ఇంజనును తిప్పే మోటారు తిరగాలి. తిరగలేదు, గట్టిగా ఒక మెరుపైనా రాలేదు.

"మోటారు పోయింది. ఇది పట్నం వెళ్ళాల్సిందే. సోమవారం మెకానిక్కు..."

"సోమవారం దాకా ఆగుతుందేమో ఏటిని అడిగి రా, పో."

"నడిచి వెళ్దామంటే నీకు ఆ కాళ్ళు, నాకు ఈ పొట్ట. పికప్పు ఆ రాళ్ళ మీద పోదు. ఏం చెయ్యమంటావు?"

కింద నుంచి ఏటి చప్పుడు మారింది. అంతవరకూ గలగల, ఇప్పుడు లోపల బండరాళ్ళు దొర్లుతున్న గుడగుడ. నోలా సీటు కింద ఆ వైర్లవంక చూస్తూ నిలబడిపోయింది. లైటుకి బలం ఉంది. రిలే పలుకుతోంది. తిండి వడ్డించారు, తినేవాడు కూర్చున్నాడు, ముద్ద మాత్రం నోటికి పోవడం లేదు.

గొర్రెల్ని ముంచే మందు తొట్టికి తోలే సన్నని దారి ఆమెకు గుర్తొచ్చింది. వెనక నుంచి కుక్క ఎంత మొరిగినా, మనిషి ఎంత నెట్టినా, ముందు గేటు మూసుంటే ఒక్క గొర్రె కదలదు. తప్పు వెనక గొర్రెది కాదు.

"మెర్విన్, పోయే దారే చూస్తున్నాం మనం. తిరిగొచ్చే దారి చూడలేదు."

"అంటే?"

"అంటే ఆ నల్లది నాకివ్వు."

నల్ల చిమటాను బ్యాటరీ మొల మీద నుంచి లాగి, తీసుకెళ్ళి ఇంజను ఇనుము మీదే కరిపించింది. మీట నొక్కింది.

బండి గర్జించింది. పిల్లి కొట్టం కప్పు మీదికెక్కింది. మెర్విన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎర్త్ వైరు, తిరిగొచ్చే దారి అదే," అన్నాడు, తనే కనిపెట్టినట్టు.

"అది ఎక్కడ తెగిందో చూడ్డానికి ఇప్పుడు తీరిక లేదు. నీ వైరు ఇలా తే."

"అది కొత్తది వదినా."

అప్పటికే ఆమె కత్తితో నల్ల వైరును ఎర్రదాని నుంచి చీలుస్తోంది. ఒక కొస బ్యాటరీ నల్ల మొలకి, రెండో కొస ఇంజనుకి పెట్టి, గడ్డిమోపుల పురికొసతో కట్టేసింది. దారిలో ఇంజను ఆగినా మళ్ళీ సెల్ఫ్ కొట్టుకోవాలి కదా. టిప్ ఎగిరి ఎక్కింది. డ్యూక్ మాత్రం కింద నిలబడి యజమానురాలి ముఖంలోకి చూశాడు.

ఏరు పొంగనీ, ఆకాశం కూలనీ, నియమం నియమమే.

"కానివ్వు, త్వరగా," అన్నది నోలా పళ్ళు బిగించి.

డ్యూక్ వెనక ఎడమ చక్రం దగ్గరికి వెళ్ళి తీరిగ్గా కాలెత్తాడు. అటు నిలబడిన మెర్విన్ ఆ ధార ఎటు పోతుందో చూశాడు. చక్రం పక్కగా చట్రంలోకి వెళ్ళింది. అక్కడ ఒక బోల్టు, దానికి ఒక నల్ల వైరు. బోల్టు నిండా పచ్చటి చిలుము, పువ్వులా విచ్చుకుని ఉంది. మెర్విన్ ముఖం ఎర్రబడింది. నవ్వుతో పొట్ట పట్టుకుని వంగిపోయాడు.

"ఏమైంది?"

"వచ్చాక చెబుతా వదినా. పో, పో."

పాయలో నీళ్ళు అప్పటికే ఇరుసు దాకా వచ్చాయి. నోలా ఎగువకు ఏటవాలుగా పట్టి దాటించింది. లంక మీద తల్లులు ఒకచోట, పిల్లలు ఒకచోట, గుంపంతా గోల. టిప్ చుట్టూ నీడలా తిరిగింది. డ్యూక్ వెనక చేరి గొంతు విప్పాడు. దాని దెబ్బకి నీళ్ళలో చేపలు ఒడ్డుకొచ్చాయంటారు. నేను కొంత తగ్గించి చెబుతున్నాను. మంద నీటి అంచు దాకా వచ్చి గోడ కట్టినట్టు ఆగిపోయింది. పిల్లలున్న తల్లి నీళ్ళలో అడుగు పెట్టదు.

నోలా మందకు ముందు నడిచే ముసలి గొర్రెను గుర్తుపట్టింది. దాని పిల్లను ఎత్తి తొడల మీద అడ్డం వేసుకుంది. పిల్ల 'మే' అన్నది. తల్లి చెవులు నిక్కించింది. నోలా బండిని మెల్లగా నీళ్ళలోకి దించింది. తల్లి దిగింది. తల్లి వెనక ఇంకొకటి, దాని వెనక మంద.

నడి పాయలో ఒక రాయి మీద చక్రం ఎగిరింది. ఇంజను ఆగిపోయింది.

వెనక గొర్రెలు ఆగాయి. నీళ్ళు వాటి పొట్టలను తాకుతున్నాయి. నోలా మీట నొక్కింది.

టక్.

వంగి చూసింది. పురికొస జారింది. చిమటా ఇంజను మీద నుంచి ఊడి గాలిలో వేలాడుతోంది. ఒక చేత్తో గొర్రెపిల్ల, ఒక చేత్తో మీట. మూడో చెయ్యి ఆ ఇంట్లో ఎవరికీ లేదు. బూటు కాలు ఎత్తింది, అదీ దేవుడిచ్చిన పాత కాలు. చిమటాను మడమతో ఇంజనుకు అదిమి పట్టింది. మోకాలు చెప్పిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. మీట నొక్కింది.

బండి పట్టుకుంది. పిల్ల 'మే' అన్నది, తల్లి కదిలింది, మంద కదిలింది. చివరి పిల్లలు ఈదుకుంటూ వచ్చాయి. ఒకటి కొట్టుకుపోతుంటే, వెనకే ఒడ్డుదాకా నడిచొచ్చిన మెర్విన్ పొట్టదాకా నీళ్ళలోకి దిగి దాని కాలు పట్టుకున్నాడు.

అందరూ మెరక మీదికి చేరాక వెనక్కి తిరిగి చూశారు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. లంక మీద పచ్చిక అక్కడక్కడా తల ఎత్తింది, తర్వాత అదీ లేదు. ఒక విల్లో చెట్టు వేళ్ళతో సహా ఆ దారిన నిటారుగా, ఎక్కడికో పనున్నట్టు వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చెప్పు," అన్నది నోలా.

మెర్విన్ చూపించాడు. నోలా పచ్చబడిన బోల్టును కత్తి మొనతో గీరింది. తుప్పు రాలింది. వైరు పోగులు చేతికే ఊడి వచ్చాయి. వాసన చూడనక్కర్లేకుండానే వచ్చింది.

"ఏళ్ళ తరబడి చీజు పెట్టి మరీ నేర్పావు కదా వదినా," అన్నాడు మెర్విన్. తడి బట్టల్లో నవ్వలేక దగ్గు వచ్చింది.

నోలా డ్యూక్ వైపు తిరిగింది. డ్యూక్ తోక ఊపాడు. నేర్చిన విద్య మరిచే కుక్క కాదు వాడు.

ఆమె ఫలహారపు డబ్బా తెరిచి చీజు ముక్క తీసింది. డ్యూక్‌ను వెంటబెట్టుకుని కొట్టం ముందున్న మెర్విన్ పికప్పు దగ్గరికి నడిచి, వెనక ఎడమ చక్రం పక్కన ఆగింది.

"కానివ్వు."

డ్యూక్ కాస్త ఆలోచించాడు. కాలెత్తాడు.

"వదినా, అది నా పికప్పు."

"తెలుసు మరిదీ. దాని ఎర్త్ ఎక్కడుందో నాకు తెలీదు, నువ్వే చెబుదువుగాని, అది టక్కుమన్న రోజున. పద, రొట్టెలు మాడి ఉంటాయి. మాడినవి నీకు, మిగిలినవి నాకు."