మందు అంటే ఏ మందు

సరిహద్దులో యుద్ధం మొదలైన వారంలో దేశభద్రతకు నా వల్ల ముప్పు వచ్చిపడింది. అప్పుడు నేను గురజాల పక్కన మా ఊళ్లో, రాబోయే సర్కారు గుమాస్తా ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఊరి వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌గా వెలగబెడుతున్నాను. తోటలకు పురుగుమందు చల్లేముందు ఊరికి కబురు పెట్టడం మావాళ్ల అలవాటు. మునుపు ఇంటింటికీ తిరిగి చెప్పేవాళ్లు, ఇప్పుడు నేను గ్రూపులో రాస్తాను. ఆ రోజూ అలాగే రాశాను: "రేపు ఏడింటికి డ్రోన్ వస్తది. మందు కొడతారు. గొడ్లను లోపల కట్టేయండి."

మధ్యాహ్నానికి స్టేషన్‌కు రమ్మన్నారు. యుద్ధ సమయంలో డ్రోన్ల రాకపోకలు రాయడం, జనాన్ని భయపెట్టడం నేరమట. ఎస్సై గారు నా మెసేజ్‌ను మూడుసార్లు చదివారు.

"మందు అంటే ఏ మందు?"

"పురుగుమందు సార్. నిమ్మతోటకి."

"మందుగుండు కాదని ఇందులో ఎక్కడుంది?"

నిమ్మకాయల మీద మందుగుండు ఎవడు పోస్తాడన్న మాట నోటిదాకా వచ్చింది. ఆయన వెనక టీవీలో యాంకరమ్మ అప్పటికే శత్రువుల రాజధానిని పట్టేసి, మిగతా ఊళ్ల మీద పడింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు సరికదా, కానిస్టేబుల్ సౌండు పెంచాడు. నా ఉద్యోగానికి పోలీసు విచారణ కాగితం ఈ స్టేషన్ నుంచే వెళ్లాలి. కేసు పడిందంటే నాలుగేళ్ల చదువు గంగపాలే. యుద్ధం అయిపోయేదాకా గ్రూపులో ఒక్క ముక్క రాయనని హామీ పత్రం రాసిచ్చి, దణ్ణం పెట్టి బయటపడ్డాను.

కొద్దిరోజులకు యుద్ధం ఆగిందన్నారు. ఇక రాసుకోవచ్చా అని స్టేషన్ రైటర్‌ని అడిగాను.

"ఆగిందన్నారు గానీ, అయిపోయిందన్లేదు గదయ్యా," అన్నాడు.

ఆ వారంలోనే నిమ్మతోట రైతు మళ్లీ డ్రోన్ మాట్లాడుకుని, గ్రూపులో పెట్టమని నాకు ఫోన్ చేశాడు. సరేనన్నాను. భయమేసి పెట్టలేదు. పోనీ నడిచి వెళ్లి పక్కింటి పిన్నికైనా చెప్పలేదు, అంత మొనగాణ్ణి నేను. మర్నాడు తోట గట్టున మేసిన ఆమె గేదె సాయంత్రానికల్లా నురగలు కక్కి చచ్చిపోయింది. ఆమెకున్నది ఆ ఒక్క గేదే.

"నువ్వు పెట్టలేదు గదా, మందు కొట్టరనుకొని ఇడిచిపెట్టా," అంది పిన్ని. "నీక్కూడా తెలవదా ఏందిరా?"

"తెలవదు పిన్నీ," అన్నాను.

పై నెలలో ఉద్యోగం వచ్చింది. విచారణ కాగితంలో నా నడవడిక మంచిదని రాశారు.