సీరియల్ మనుషులకు బట్ట పేర్లు పెట్టిన ఖాలా

"ఖాలా పోయిందమ్మా" అని పాలాయన గుమ్మం దగ్గర నిలబడి చెబితే, ఏ ఖాలా అని అడిగాను. ఖిలా వరంగల్‌లో మా గల్లీ మొత్తానికి ఉన్నది ఒక్కతే ఖాలా. అయినా అడిగాను. ముందు రోజు సాయంత్రమే "రేపొచ్చి జాకెట్టు తీస్కపో, హుక్కులే మిగిలినయ్" అన్న మనిషి తెల్లారేసరికి లేకపోవడమేమిటి? గుండె ఆగిందన్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఏడుపు కంటే ముందు కోపమే వస్తోంది.

మీరు ఆమెను చూడలేదు కనుక చెబుతున్నాను. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని, గల్లీలో అందరికీ ఆమె పిన్నే. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. మా గల్లీలో మొదటి బ్లాక్ అండ్ వైట్ టీవీ ఆమెదే. సీరియల్ హిందీలో వచ్చేది, మా ఆడవాళ్లలో సగం మందికి ఆ భాష అంతంత మాత్రం. ఖాలా మిషన్ ముందు నుంచి లేవకుండానే మాకు తెలుగులో చెప్పేది. చెప్పి ఊరుకునేది కాదు. తెర మీదికి కొత్త మనిషి రాగానే "ఏం బట్ట?" అని అడిగేది. అందరం జవాబు చెప్పాకే చాయ్ పోసేది.

నూలు మనిషి మెత్తన, తడిస్తే గుంజుకుపోతాడు. టెర్లిన్‌కు ముడత పడదు, అది చెమటా పీల్చదు. పట్టు మనిషిని నలుగురూ చూడాలి, ఎవరూ ముట్టుకోవద్దు. ఇవన్నీ ఆమె మాటలే. అన్నిటికంటే ఆమెకు ఇష్టం అస్తరు, అంటే బట్టకు లోపల వేసే గుడ్డ. "బయిటికి కనవడదు. అది లేకుంటే కోటు నిలవడదు" అనేది.

ఆమె అంచనాలు సగం బోల్తా కొట్టేవి. ఒక అల్లుణ్ని టెర్లిన్ అని తేల్చి, వీడు ఎవరి కోసమూ ఏడవడు అంది. మరుసటి వారమే వాడు తల్లి కాళ్ల దగ్గర కూర్చుని భోరుమన్నాడు. మేం నవ్వితే, కళ్లద్దాలు పైకి తోసుకుని "రాసినోడు తప్పు రాసిండు, నేనేం జేయాలె?" అంది. "మనిషిని దుకాణంల జూసి ఒప్పుకోవద్దు బిడ్డా, జర నీళ్లల్ల వెయ్యాలె" అనడం మాత్రం మానలేదు. ఎవరినైనా చూడగానే మాట అనేయకుండా కాస్త ఆగడం నాకు ఆమె పెట్టిన అలవాటే.

ఆమెను మాత్రం మేమంతా కలిసి టెర్లిన్ అని తేల్చాం. ఎన్నడూ విసుగు లేదు, అలసట లేదు. ఒకరోజు ముఖం పాలిపోయి ఉంటే అడిగాను. "ఎండకు. ఫికర్ జేయకు" అని దారం కొరికింది.

మేమంతా కలిసి చూసిన చివరి ఆదివారం, సీరియల్లో పెద్ద కోడలి మీద వాదన వచ్చింది. పొగరుబోతు, ఉత్త పట్టు అన్నాం మేం. ఖాలా ఒప్పుకోలేదు. "అస్తరు. పానం బాగలేదామెకు. ఇంట్ల చెప్తలేదు" అంది. తెర మీద ఆ కోడలు నగలేసుకుని నిక్షేపంగా తిరుగుతోంది. ఎప్పటిలాగే నవ్వాం.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఖాలా భర్త మమ్మల్ని పిలిచాడు. బస్సు డిపోలో పనిచేసే ఆయన ఎన్నడూ మాతో కూర్చుని సీరియల్ చూసింది లేదు. "రాండ్రి, ఇంట్ల సప్పుడే లేదు" అంటూ టీవీ పెట్టాడు. కథ మధ్యలో పెద్ద కోడలు వంటింట్లో కుప్పకూలింది. డాక్టరు వచ్చి, ఎన్నాళ్లుగానో ఉన్న గుండె జబ్బు అన్నాడు.

"ఖాలా గప్పుడే చెప్పింది" అంది పక్కింటి వదిన మెల్లగా.

"ఏమని?" అన్నాడాయన.

"ఈమెకు పానం బాగలేదని. కూసునేటప్పుడల్లా ముందుగాల గోడకు చెయ్యి ఆనిస్తాంది, సూడుండ్రి అన్నది."

ఆయన తెర వైపు చూడలేదు. మిషన్ వైపు తిరిగాడు. మేమూ తిరిగాం. ఖాలా స్టూలు పక్కన, తెల్లటి సున్నం గోడ మీద, అరచేయి మేర మిషన్ నూనె జిడ్డుతో నల్లబడి ఉంది.