బండ మీద నడిచే రోబో

మా ఇంట్లో నున్నటి బండల మీద నడిచినప్పుడల్లా బేతంచెర్లలో బండల అంగడి పెట్టుకున్న ఆయనే గుర్తొస్తాడు.

మొదటిసారి నేను బండలు చూసేకి పోయినప్పుడు, చెంబుతో నీళ్లు చల్లి రంగు చూపించినాడు. తర్వాత బండను టవలుతో తుడిచి, గల్లాపెట్టె పక్కనుంచి ఒక రేకు రోబో బొమ్మను తీసి, కీ తిప్పి బండ మీద వదిలినాడు. చిన్నప్పుడు ఆదివారం టీవీలో వచ్చిన అంతరిక్షం సీరియల్లోని రోబో అది. రంగంతా పోయింది, ఒక చెయ్యి లేదు.

"యాడా తట్టుకోకుండా పోతాండాది సూడప్పా. పాలిష్ అంటే అదీ" అన్నాడు.

నేనూ ఆ సీరియల్ పిచ్చోణ్ణే. నా దగ్గరా అదే రోబో ఉందని, ఇంతవరకూ పెట్టె కూడా విప్పలేదని గొప్పగా చెప్పినా.

ఆయన జాలిగా చూసినాడు. "అయితే అది ఒక్కసారన్నా నడవనేలేదా, పాపం."

బండలు ఎత్తించుకునేకి పోయిన రోజు, ఆ మాటే మనసులో మెదులుతుంటే, నా రోబోనూ పెట్టెతోనే వెంట తీసుకుపోయినా. పెట్టె విప్పితే పాతబొమ్మలు కొనేవాళ్లు దాని మొహం కూడా చూడరు. ఆయన విప్పమని అడగలేదు. బండ తుడిచి, తన రోబోకు కీ తిప్పి పట్టుకుని, ఊరికే నిలబడినాడు.

సీలు చింపినా. రెండూ పక్కపక్కనే టకటకా నడిచినాయి. ఆయన తన రోబోను బండ అంచున పట్టుకున్నాడు. నేను మైమరిచి చూస్తా నాదాన్ని పట్టుకోలేదు. అది కిందపడి తల సొట్టపోయింది.

ఆయన దాన్ని తీసి, సొట్టను బొటనవేలితో తడిమి, నా చేతిలో పెట్టినాడు.

"ఇప్పుడు నీదైనాది" అన్నాడు.