కుడితి తొట్టిలో బెల్జియం బీరు

మా ఆవిడ నా బెల్జియం బీరును గేదె కుడితిలో పోసేసింది. నాలుగేళ్లయినా ఆ అన్యాయాన్ని నేను మరిచిపోలేదు.

రిటైరయ్యాక తెనాలిలో ఖాళీగా ఉండలేక, పుస్తకాలు చదివి బీరు తయారీ సొంతంగా నేర్చుకున్నాను. బార్లీ, గోధుమలు, ధనియాలు, కమలాతొక్కలతో చేసే బెల్జియం తెల్లబీరు మూడు వారాలు స్టీలు డబ్బాలో పులిసింది. రుచి చూపిస్తానని రేపల్లె నుంచి మా ఆవిడ అన్నయ్యను పిలిచాను. గ్లాసులు సర్ది, గొప్పగా మూత తీశాను. డబ్బా ఖాళీ!

"ఏంటి బావా, బీరు బెల్జియం వెళ్లిపోయిందా?" అని ఆయన పకపకా నవ్వాడు. దొడ్లో గేదె మూతి నాక్కుంటోంది.

"తెల్లగా, పుల్లగా ఉంటే కుడితి అనుకున్నానండి" అంది మా ఆవిడ.

"పోసేముందు ఒక్క చుక్క రుచి చూడొద్దూ?" అని అప్పటినుంచీ దెప్పుతూనే ఉన్నాను. మొన్న విసిగిపోయి అసలు సంగతి చెప్పింది.

"చూశానండీ! అది మా అన్నయ్య తాగితే మీ పరువు పోతుందనే గేదెకి పోశాను."