మాంజర్‌కి నీళ్లు పట్టొద్దన్న రోజు

2022 చలికాలం. బోధన్ వైపు చెరుకు కోతలు జోరుగా సాగుతున్నాయి. అప్పటికి నేను వన్యప్రాణుల పరిశోధనలోకి వచ్చి పదిహేనేళ్లు, నిజామాబాద్‌లో వారం వారం రేడియోలో జంతువుల గురించి మాట్లాడడం మొదలుపెట్టి ఆరేళ్లు. మొదటి పనిలో నోరు మూసుకుని గంటల తరబడి కూర్చోవాలి. రెండో పనిలో నోరు మూస్తే కుదరదు. ఈ రెండో అలవాటు మొదటిదాన్ని ఎప్పుడు మింగేసిందో నేను గమనించలేదు.

శ్రోతలు ఎక్కువగా అడిగేది చెరుకు తోటల్లో దొరికే పిల్లల గురించి. మా వైపు జంగుపిల్లి అనే అడవిపిల్లి చెరుకు సాళ్లలో పిల్లల్ని పెడుతుంది. కోతకొచ్చిన కూలీలు వాటిని చూసి పులిపిల్లలని హడలిపోతారు, లేదంటే జాలిపడి ఇంటికి పట్టుకుపోతారు. అందుకే ప్రతిసారీ ఒకటే చెప్పేదాన్ని: ముట్టుకోకండి, దూరం జరగండి, తల్లి వస్తుంది. పిల్లల్ని ఇలా తల్లితో కలపడాన్ని మేం రీయూనియన్ అంటాం. చాలాసార్లు నా మాట నిజమైంది. దాంతో కాస్త పొగరు కూడా వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ పొద్దున రికార్డింగ్‌కి కూర్చోబోతుంటే రామ్మోహన్ గారు ఫోన్ చేశారు. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి మంజీర ఒడ్డున స్థిరపడ్డ కుటుంబం వారిది. నా కార్యక్రమం ఒక్క వారం కూడా వదలరు.

"మేడమ్ గారూ, మా తోటలో రెండు పిల్లలు దొరికాయండీ. ఇంకా కళ్లు కూడా తెరవలేదు. ఇక్కడేమో పెద్ద గొడవైపోతోంది. మోటారు దగ్గరుండే మా గంగారాం కుక్క అంటాడు, కోతకొచ్చిన మరాఠీ ఆవిడ మాంజర్ అంటోంది. మాంజరంటే పిల్లే కదండీ?"

"పిల్లే. ఒక ఫొటో పంపండి."

"ఆవిడ కొంగులో చుట్టేసింది. ఎవర్నీ చూడనివ్వట్లేదండీ."

అంతలో వెనక నుంచి ఒక ఆడగొంతు గట్టిగా ఏదో అంది. ట్రాక్టర్ చప్పుడులో నా చెవిన పడ్డవి రెండే ముక్కలు: పానీ, మాంజర్. నిజామాబాద్‌లో పుట్టి పెరిగిన చెవి నాది. పానీ అంటే నీళ్లే. పాపం ఆమె పిల్లి కూనలకు నీళ్లు పడతానంటోందని అర్థం చేసుకున్నాను.

"నీళ్లు పట్టొద్దని చెప్పండి! ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అసలు నీళ్ల దగ్గరికే తీసుకుపోవద్దు. కోసిన మోపుల పక్కన నీడలో పెట్టి అందరూ దూరం జరగండి. తల్లిపిల్లి వస్తుంది."

"అలాగేనండీ," అన్నారాయన. నేను స్టూడియోలోకి వెళ్లి, పక్షుల్ని కూతను బట్టి ఎలా గుర్తుపట్టాలో అరగంట చెప్పాను.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్. తల్లి రాలేదు. పిల్లలు అరిచి అరిచి నీరసపడ్డాయి. బండి తీసి బయల్దేరాను కానీ, దారంతా బుర్ర తిరిగిపోయింది. అన్ని గంటలు జనం దూరంగా ఉన్నా రాలేదంటే అది ఏ తల్లి? కుక్కైతే ఈపాటికి వెతుక్కుంటూ రావాలి. పోనీ నక్కా? నక్కను చూసి మాంజర్ అని ఎవరంటారు? ఏదీ దేనికీ అతకలేదు. అయినా తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, బోధన్ దాటేదాకా నా మనసు జంగుపిల్లినే పట్టుకుని వేలాడింది.

తోట చివర ఏటి ఒడ్డున ట్రాక్టర్ చక్రం దిగబడి ఒక బొరియ కూలి ఉంది. పిల్లలు దొరికింది అక్కడేనట. నా మాట విని పిల్లల్ని పెట్టిన మోపులేమో రెండో చివర, రోడ్డు పక్కన. ఎక్కడ దొరికాయని పొద్దున నేను అడగనే లేదు. ఒడ్డున తడి మట్టిలో పగ్‌మార్క్‌లు, అంటే పాదముద్రలు కనిపించాయి. మా చదువులో మొదటి పాఠం ఇదే: పిల్లి అడుగులో నాలుగు వేళ్లు, గోళ్లు పడవు. కుక్క అడుగులో నాలుగు వేళ్లు, గోళ్లు పడతాయి. ఇక్కడ ఐదు వేళ్లున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఐదే. పక్కనే చేప పొలుసులతో నిండిన పెంట.

"నేను పొద్దుగాల్నే చెప్పిన మేడం, గవి నీటికుక్కలని," అన్నాడు గంగారాం. "సారు మీకు ఉత్త కుక్క అని చెప్పిండు."

మోపుల దగ్గరికి పరుగున వస్తే, పిల్లలకు కాస్త ఎడంగా కూర్చున్న మరాఠీ ఆమె, కమలాబాయి, లేచి వచ్చింది. రెండో చక్రం ఎక్కేలోగా బొరియలోంచి పిల్లల్ని లాగి కాపాడింది ఆమేనని గంగారాం చెప్పాడు. ఆమె తన తెలుగులో అంది: "పాణ్‌మాంజర్, బాయీ! నీళ్లల్ల ఉండే మాంజర్. నీళ్లకాడ పెడ్త అని నేను చెప్పిన. నువ్వు వద్దన్నవట."

తెలుగులో కుక్క, మరాఠీలో పిల్లి. నిజానికి రెండూ కాదు, చేపలు తిని బతికే ఆటర్. ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. తప్పు చెప్పింది నేనొక్కదాన్నే.

పిల్లల్ని ఒళ్లో వేసుకుని ఏటి దగ్గరికి పరిగెత్తాం. ఒకటి కదులుతోంది. రెండోది చల్లబడిపోయింది. స్వెట్టర్‌లో పెట్టుకుని రుద్దుతూనే ఉన్నాను. తర్వాత రెండింటినీ కూలిన బొరియ పక్కన ఎండాకుల మీద ఉంచి, చెరుకు చాటున నక్కాం. పొద్దు వాలుతుండగా నీళ్లలోంచి సన్నటి ఈల వినపడింది. తల్లి వచ్చింది. కదిలేదాన్ని నోట కరుచుకుని నీళ్లలోకి జారింది. మళ్లీ వచ్చింది. రెండోదాన్ని మూతితో అటూ ఇటూ పొర్లించింది, ఈల వేసింది, ఆగింది, వెళ్లిపోయింది. ఇంకోసారి కూడా వచ్చి పొర్లించి చూసింది. నేను చూడలేక తల దించుకున్నాను.

కమలాబాయి మెల్లగా అడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టే: "నువ్వు రేడియోల చెప్తే గిందరు వింటరు. నువ్వు ఎవ్వరిది వినవా?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆరేళ్లుగా మైకు ముందు కూర్చుని ఆ సామెతకు నేనే సాక్ష్యమయ్యాను. మరుసటి వారం రేడియోలో జరిగిందంతా చెప్పి, నా వల్లే ఒక పిల్ల చచ్చిపోయిందన్నాను.

ఇప్పటికీ తోటల నుంచి ఫోన్లు వస్తాయి. ఏ జంతువని ముందు అడగను. ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు అని అడుగుతాను. ఆ తర్వాత అనే మాట ఒక్కటే. ఆ పొద్దున అని ఉంటే ఆ ఏట్లో ఇంకో ప్రాణం ఈదుతూ ఉండేది:

"ఫోన్ ఆమెకివ్వండి."