అన్నను తీసుకోని ఫౌజులు

కేతేపల్లి దగ్గరి మా ఊరికి నూలు రావడం ఆగిపోయాక, అన్నకు ఏదో ఒక ఫౌజులో కొలువు దొరికితే తప్ప ఇల్లు గడవదని తేలిపోయింది. బాపుకు దమ్ము, నాలుగడుగులేస్తే ఊపిరాడదు. నాకు చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. మగ్గం గుంటలో దిగలేనని నన్ను బడికి పంపారు. అందుకే ఎక్కడ ఏమడుగుతారో కనుక్కొని రావడం నా పనైంది. డైరీ రాయడం ఆ తరువాతి అలవాటు, కాబట్టి తేదీలు చెప్పలేను. వరస మాత్రం గుర్తుంది.

మొదట నిజాం ఫౌజు. అక్కడ ఎత్తు, ఛాతీ, కొద్దిగా ఉర్దూ చూస్తారు. అన్న పొడగరి. ఉర్దూ నేను నేర్పాను. ఛాతీ దగ్గర పోయింది. చిన్నతనం నుంచి గుంటలో కూర్చొని ముందుకు వంగి నేసిన మనిషి, ఎంత గాలి పీల్చినా టేపు కదలలేదట. పోలీసులో ఛాతీ పట్టింపు తక్కువ, కానీ పటేలు జమానతు, అంటే పూచీ, ఉండాలి. పటేలు వాకిట్లో పొద్దంతా నిలబడితే ఒక మాట దొరికింది.

"మీ వాడల సగం మంది సంగపోళ్లు. నీకు జమానతిచ్చి నా మెడ నేనే కోసుకోవాల్నా?"

ఇక మిగిలింది నిజాం మీద, దొరల మీద తుపాకి పట్టిన సంగం దళం. వాళ్లు ఎత్తు కొలవరు, చదువు అడగరు. జొన్నచేలో అన్నతో మాట్లాడిన దళం మనిషి అడిగింది ఒక్కటే.

"మల్ల ఇంటి మొకం సూడకుండ ఉంటవా?"

"మా బాపుకు బువ్వెవరు వెట్టాలె?"

"గట్లయితే నువ్వు రాకు తమ్మీ. మేం గూడ వెట్టలేం."

ఆ మనిషి కోపంగా అనలేదట. అన్నిట్లోకీ అదే కష్టమైన షరతని అన్న ఇంటికొచ్చి చెప్పాడు.

యూనియన్ సైన్యం నిజాంను ఓడించిన పోలీసు యాక్షన్ తరువాత నల్గొండలో కొత్త మిలిటరీ భర్తీ పెట్టారు. ఉర్దూ అక్కర్లేదు, పటేలు చీటీ అక్కర్లేదు. ఛాతీ కొలతకు నిలిస్తే చాలని తెలుసుకొచ్చాను. అన్న నెలల తరబడి గుట్ట ఎక్కి దిగాడు, ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకున్నాడు.

వెళ్లే ముందు బాపు ఇటుక ముక్క, ఆముదం తెచ్చి అన్న ముందు పెట్టాడు. సన్నపోగు ముట్టేటప్పుడు, పెద్దిళ్లకు బట్ట తీసుకుపోయేటప్పుడు మా వాళ్లు అరచేతి కాయలను ఇటుకతో రుద్ది నున్నగా చేసుకుంటారు. గరుకు చెయ్యి పోగును పట్టి లాగుతుంది.

"సర్కారోళ్ల ముంగట మొద్దు చేతులు వెట్టకు బిడ్డా."

"నన్ను నేయనీకి తీస్కపోతున్నరా బాపూ?" అని నవ్వుతూనే అన్న రుద్దుకున్నాడు.

భర్తీ రోజు నేను కంచె పక్కన నిలబడి చూశాను. ఛాతీ నిలిచింది. టేపు పట్టినవాడు తలూపాడు. అప్పుడు అధికారి అరచేతులు చూపమన్నాడు. మిలిటరీ వెతుకుతున్న దళం వాళ్లు తుపాకి పారేసి ఊళ్లల్లో కలిసిపోయి, తుపాకి పట్టిన కాయలు గీకేసుకుంటున్నారని వాళ్లకు అనుమానమట. అన్న చేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"ఎందుకు గీకినవని అడుగుతున్నడు," అన్నాడు తెలుగు తెలిసిన గుమాస్తా.

"గరుకుంటే పోగు తెగుతదని."

"ఏం పోగు? పేరు రాసేటప్పుడు మీ ఊళ్లె నూలే లేదంటివి గద."

అది నిజమే. అన్న దళం వాడేనని తేల్చేశారు. లారీ ఎక్కించి మిలిటరీ క్యాంపుకు తీసుకుపోయారు.

తన కొడుకు నేతగాడని చూపించడానికి బాపు మగ్గం మీద మిగిలిన బట్ట కోసుకొని క్యాంపు గేటుకు వచ్చాడు. కాపలా సిపాయికి తెలుగు రాదు. అమ్ముకోవడానికి తెచ్చాడనుకొని వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్లీ వెళ్లేసరికి అన్నను జైలుకు మార్చామన్నారు. ఏ జైలో చెప్పలేదు. తరువాత నేను తిరిగిన ఏ జైలులోనూ అన్న లేడు.

ఊళ్లో ఎవరైనా అడిగితే బాపు ఒకటే చెప్పేవాడు.

"మిలిటరీల చేరిండు."

"పైసలు పంపుతున్నడా మరి?"

"పంపుతడు," అని బాపు లోపలికి పోయేవాడు.