రెండు గోత్రాల వరుస

నేను బడికి వెళ్లి చదువుకోలేదు. అక్షరాలూ లెక్కలూ నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. పెళ్లై రాయ్‌పూర్ వచ్చాక జావాస్క్రిప్టు కూడా ఇంట్లోనే, ఫోనులో పాఠాలు చూస్తూ, పప్పు ఉడికేలోగా కొంచెం కొంచెంగా వంటబట్టించుకున్నాను. అది దేవుడి పనికి మొదటిసారి అక్కరకొచ్చింది ఒక శ్రీరామనవమినాడు. అందుకు స్వామికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను, ఆ రోజు అంత జరిగినా సరే.

దేవేంద్ర నగర్‌లో మా తెలుగువాళ్ల చిన్న గుడి ఉంది. కల్యాణం అయ్యాక పంతులుగారు గోత్రాలవారీగా అందరి పేర్లూ చదువుతారు. కాగితాలు ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయని నేనొక వెబ్ పేజీ చేసిచ్చాను. అందులో ఒక పట్టిక, ఇంటికొక వరుస. ప్రతి వరుసకూ దాని గోత్రాన్ని క్లాసుగా పెట్టాను. క్లాసంటే వరుసకు కట్టిన చీటీ అనుకోండి, పైకి కనపడదు. పంతులుగారు ఏ గోత్రం బటన్ నొక్కితే ఆ చీటీ ఉన్న వరుసలే తెరమీద మిగులుతాయి. తక్కినవి దాక్కుంటాయి.

ఆ దాక్కోవడమే మా వాళ్లకు నచ్చలేదు. మొదటి బటన్ పడగానే గుడి కార్యదర్శిగారు లేచారు.

"అరే, మా పేరెవరు తీసీసినారు? పొద్దున్నుంచి పందిరి పనంతా నాదే హై నా!"

"తీయలేదు బాబాయిగారూ, దాచాను. మీ గోత్రం వంతు రాగానే బయటికొస్తుంది."

"దాచడమేటమ్మా? మేమేం గడ్‌బడ్ చేసినాం?"

ఆ తరువాత పదిమంది, తాము ఉన్నామో లేమో చూసుకోవడానికి ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డారు.

పక్కింటి వదినగారు మాత్రం చేతులు జోడించి అలాగే నిలుచున్నారు. వాళ్ల నాన్నగారికి మర్నాడు విశాఖలో గుండె ఆపరేషను. సాయంత్రం బండికి ఆవిడ ప్రయాణం. ఆయనకు కొడుకుల్లేరు. వెళ్లేముందు ఆయన పేరు ఆయన గోత్రంతోనే స్వామి చెవిన పడాలని ఆవిడ కోరిక. కానీ ఇంటికి ఒకే వరుసని కమిటీ నియమం, పెళ్లైన ఆడపిల్లది భర్త గోత్రమే. అందుకని వాళ్ల వరుస చివర నాన్నగారి పేరు చేర్చి, రెండు క్లాసులూ పెట్టాను: భర్తది భారద్వాజ, నాన్నగారిది కౌండిన్య. ఒక వరుసకు ఎన్ని క్లాసులైనా ఉండవచ్చునని చదివిన రోజు, ఎంత పెద్ద మనసని నాకు కళ్లు చెమర్చాయి.

భారద్వాజ అయిపోయింది. వదినగారి ఇల్లు రాలేదు. కౌండిన్య నొక్కారు. అక్కడా లేదు.

"అమ్మాయీ, వీరు రెండు చోట్లా లేరేమిటి?" అన్నారు పంతులుగారు.

ఒకాయన ఆపి మళ్లీ పెట్టమన్నాడు. ఒకావిడ ల్యాప్‌టాప్‌ను తూర్పుకు తిప్పించింది. పంతులుగారు పసుపు గణపతిని చేసి కీబోర్డు పక్కన నిలిపి, అక్షింతలు వేశారు. ఒక గింజ ఎంటర్ కింద ఇరుక్కుంది.

"బండికి టైమైపోతోంది వదినా," అన్నారు పక్కింటి వదినగారు నాతో మెల్లగా.

నేల మీద కూర్చుని కోడ్ తెరిచాను. తప్పు నాదే. చీటీ మీద ఉన్నది 'కౌండిన్య'కు సరిగ్గా సమానమా అని కోడ్‌లో అడిగాను. వదినగారి చీటీ మీద రెండు మాటలున్నాయి కనక అది దేనికీ సమానం కాదు. రెండిళ్ల మనిషిని ఏ ఇంటికీ కాకుండా చేశాను. సమానమా అని కాదు, అందులో ఉందా అని అడగాలి. ఒక్క పంక్తి మార్చి 'క్లాస్‌లిస్ట్ డాట్ కంటెయిన్స్' పెట్టాను. తప్పు అంత తొందరగా కంటికి కనిపించడం ఆ రాముడి దయ.

పంతులుగారు కౌండిన్య మళ్లీ నొక్కారు. వరుస వచ్చింది, మొత్తంగా వచ్చింది. ఆయన కౌండిన్యస గోత్రమంటూ వదినగారి భర్త పేరూ, అత్తగారి పేరూ, వదినగారి పేరూ చదివేశారు.

వదినగారి అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఒలమ్మో! నా కొడుకుని మావగారికి దత్తతిచ్చీసినారేటి! మొగుడూ పెళ్లాలకి ఒకే గోత్రం కట్టీసినారు!"

పంతులుగారు ఠక్కున ఆగిపోయారు. "సగోత్రం అవుతుందమ్మా. ఆపేయమంటారా?"

ఇంకా ఒక్క పేరే మిగిలి ఉంది. వదినగారు తలెత్తలేదు. అత్తగారు కోడలి వంక ఒకసారి చూశారు.

"ఆపుతారేటి పంతులుగారూ? మా వియ్యంకుడి పేరింకా రానేదు కదా. సదవండి. మావోడు ఓ పూట అటెళ్లొస్తే అరిగిపోడు."

పంతులుగారు ఆఖరి పేరు మండపమంతా వినిపించేలా చదివారు. వదినగారు తీర్థం పుచ్చుకుని, స్టేషనుకు ఆటో కోసం గబగబా బయటికి నడిచారు.